మీ సెట్‌టాప్ బాక్స్‌లోని వంటిల్లు ఎటు పోయింది?

[టేబుల్ మీద మూత విప్పిన పాత సెట్‌టాప్ బాక్స్, పక్కన స్క్రూడ్రైవర్]

నమస్కారం అండి. ఈమధ్య ఏ బంధువుల ఇంటికి వెళ్ళినా టీవీ ముందు ఒకటే మాట వింటున్నాను. "మేం బాక్స్ తీసేశాం, క్లౌడ్‌కి మారిపోయాం." లేదంటే, "మాకింకా బాక్స్ ఉంది, మాది పాత పద్ధతే." రెండూ తప్పే. బాక్స్ ఉందా లేదా అన్నదానికీ, క్లౌడ్‌కీ నేరుగా సంబంధం లేదు. పాత బాక్స్ అలాగే ఉండి, దాని పనిలో చాలా భాగం క్లౌడ్‌లో జరిగే ఇళ్ళు అమెరికాలో లక్షల్లో ఉన్నాయి. ఈ పొరపాటు వింటే ఊరుకోలేను. ఎందుకంటే దీనివల్ల మనం అడగాల్సిన అసలు ప్రశ్న పక్కకి పోతోంది. ఆ ప్రశ్న ఏంటో చెప్పడానికే ఈ వీడియో.

ముందు దీన్ని చూడండి. ఇది మా ఇంట్లోదే. వైరు బిగించే చోట ఈ చిన్న రేకు డబ్బా ట్యూనర్. వైర్లో వచ్చే వందల ఛానెళ్ళలోంచి మీరడిగినదాన్ని ఏరుతుంది. ముందు వైపు ఈ సందులో కార్డు పెడతారు, మీరు డబ్బు కట్టిన ఛానెళ్ళ తాళం తీసేది ఇదే. మధ్యలో, ఈ అల్యూమినియం పలకల కింద డీకోడర్ చిప్ ఉంది. నొక్కి కుదించి పంపిన వీడియోని విప్పి బొమ్మ చేస్తుంది. మీరు గైడ్ నొక్కితే తెర మీద గళ్ళు గళ్ళుగా ప్రోగ్రాముల పట్టిక గీసేదీ ఈ బోర్డే. పక్కన ఇదిగో హార్డ్ డిస్క్, రికార్డింగులకి. చేత్తో పట్టుకుంటే ఎంత బరువుందో! ఇదంతా కలిపి ఒక వంటిల్లు అనుకోండి. పొయ్యి, రోలు, గిన్నెలు, ఆవకాయ జాడీ, అన్నీ ఇంట్లోనే.

ఇప్పుడు మన వీధి చివర కర్రీ పాయింట్ పెట్టారు. ఏమైంది? ఇంట్లో కుక్కర్ పెట్టి అన్నం మాత్రం వండుకుంటున్నాం. పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు కట్టించుకుని తెచ్చుకుంటున్నాం. వంటిల్లు పోయిందా? లేదు. వంట పోయింది. టీవీ క్లౌడ్‌కి మారడం అంటే సరిగ్గా ఇదే. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏదో కాదు, ఆపరేటర్ నడిపే పెద్ద వంటశాల. ఎక్కడో ఒక ఊళ్ళో ఏసీ గదిలో వరసగా పేర్చిన సర్వర్లు.

మరి అన్నం ఎందుకు ఇంట్లోనే వండుకోవాలి? అంటే, డీకోడర్ ఎందుకు పోదు? ఫుల్ హెచ్‌డీ బొమ్మని కుదించకుండా పంపాలంటే సెకనుకి గిగాబిట్ దాటుతుంది. కుదిస్తే కొన్ని మెగాబిట్లలో సరిపోతుంది. కాబట్టి కుదించి పంపాల్సిందే, ఇంటి దగ్గర ఎవరో ఒకరు విప్పాల్సిందే. ఆ విప్పే చిప్ చిన్న బాక్స్‌లో ఉండొచ్చు, టీవీలోనే ఉండొచ్చు, ఫోన్లో ఉండొచ్చు. "బాక్స్ తీసేశాం" అన్నవాళ్ళ ఇంట్లో కుక్కర్ టీవీ లోపలికి వెళ్ళింది, అంతే.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇక్కడ చెప్పాలి. అమెరికాలో చార్టర్ అని పెద్ద కేబుల్ కంపెనీ. వాళ్ళ జనం ఇళ్ళల్లో ఏళ్ళ నాటి పాత బాక్సులు. కొత్త రంగుల మెనూ ఇద్దామంటే, ఆ చిప్పులకి అంత ఓపిక లేదు. అన్నీ మార్చాలంటే కోట్ల డాలర్లు, ఇంటింటికీ మనుషులు. వాళ్ళేం చేశారంటే, మెనూని బాక్స్‌లో గీయడమే మానేశారు. మీరు రిమోట్‌లో కింది బాణం నొక్కారు. బాక్స్ ఆ నొక్కుడిని వైరు మీదుగా వెనక్కి పంపింది. అక్కడ సర్వర్ "సరే, ఒక గడి కిందికి" అని కొత్త తెర గీసింది. గీసిన తెరని వీడియోగా కుదించి పంపింది. బాక్స్ దృష్టిలో అది మెనూ కానే కాదు, ఇంకో ఛానెల్! ఛానెల్‌ని విప్పి చూపించడం దానికి ఎప్పట్నుంచో వచ్చిన పనే కదా. ఈ విద్య తెలిసిన యాక్టివ్‌వీడియో అనే సంస్థని 2015లో చార్టర్, బాక్సులు తయారుచేసే అరిస్ కలిసి కొనేశాయి.

ఎంత అందమైన ఆలోచనో చూడండి. ముసలి పొయ్యి మీద బిర్యానీ వండించడం మానేసి, వండిన బిర్యానీనే పంపారు. ఒక్కటే ఇబ్బంది, నొక్కుడు వెళ్ళి బొమ్మ రావడానికి పట్టే సమయం. అది కాస్త పెరిగినా వేలికి తెలిసిపోతుంది, మనం రెండోసారి నొక్కేస్తాం, రెండు గళ్ళు దిగిపోతుంది. అందుకే సర్వర్లు మరీ దూరంగా ఉండకూడదు.

అంతకుముందే, 2012లో, కామ్‌కాస్ట్ వాళ్ళు ఎక్స్1 తెచ్చారు. వాళ్ళ దారి వేరు. బాక్స్ కొత్తదే, కానీ గైడూ, వెతుకులాటా, సిఫార్సులూ క్లౌడ్ నుంచి. అక్కడ సర్వర్లో ఒక్కచోట మారిస్తే అందరి ఇళ్ళల్లో మారుతుంది. పాత పద్ధతిలో ప్రతి బాక్స్‌కీ కొత్త సాఫ్ట్‌వేర్ దించాలి, మధ్యలో కరెంటు పోతే బాక్స్ మూలపడొచ్చు.

ఇక అసలు సంగతి, ఆవకాయ జాడీ. అంటే రికార్డింగులు.

మా చెల్లి ఆరో క్లాసులో ఉండగా లోకల్ ఛానెల్లో ఒక కీర్తన పాడింది. నాలుగు నిమిషాలు. అమ్మ దాన్ని బాక్స్‌లో రికార్డు చేసింది. ఎవరు ఇంటికి వచ్చినా కాఫీ ఇచ్చి, రిమోట్ తీసి, అది పెట్టేది. ఒకరోజు బాక్స్ ఆన్ అవలేదు. వచ్చినతను ఐదు నిమిషాల్లో కొత్త బాక్స్ పెట్టాడు. పాతది తీసుకెళ్తానంటే నేను ఇవ్వనన్నాను, దానికి డబ్బు కట్టించుకుని వదిలేశాడు. అదే ఇది. ఈ హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్‌కి తగిలించాను. డిస్క్ బాగానే ఉంది, ఫైళ్ళు కనిపిస్తున్నాయి, కానీ ఒక్కటీ తెరుచుకోదు. రికార్డింగుల తాళంచెవి ఆ బాక్స్ బోర్డుతో ముడిపడి ఉంటుంది. బోర్డు పోతే తాళంచెవి పోయినట్టే. అంటే జాడీ మన ఇంట్లోనే ఉన్నా, మూత మన చేతిలో లేదు. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "ఆ పాట వస్తుందారా?" అని.

కాబట్టి పాత పద్ధతి బంగారం అని నేనను. మరి ఆ రికార్డింగ్ క్లౌడ్‌లో ఉండి ఉంటే? దీనికి జవాబు న్యూయార్క్ కోర్టుల్లో ఉంది.

2006లో కేబుల్‌విజన్ అనే న్యూయార్క్ కేబుల్ కంపెనీ ఒక మాట చెప్పింది. ఇంటింటికీ హార్డ్ డిస్క్ ఎందుకు, మీరు రికార్డు నొక్కండి, మేం మా దగ్గర దాస్తాం. వెంటనే సినిమా స్టూడియోలు, ఛానెళ్ళు కేసు వేశాయి. కార్టూన్ నెట్‌వర్క్ పేరు ముందు ఉండటంతో కేసు ఆ పేరుతోనే నిలిచింది. వాళ్ళ వాదన ఏంటంటే, ఇది జనం చేసుకునే రికార్డింగ్ కాదు, కంపెనీ మా ప్రోగ్రాములని కాపీ కొట్టి మళ్ళీ ప్రసారం చేయడం. 2007లో కింది కోర్టు అవునంది. 2008 ఆగస్టులో అప్పీళ్ళ కోర్టు దాన్ని తిరగేసింది. 2009లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

అప్పీళ్ళ కోర్టు ఏమందో వినండి, అక్కడే ఉంది రుచి. బటన్ నొక్కింది ఎవరు? ఇంట్లో కూర్చున్న మనిషి. అయితే కాపీ చేసింది ఆ మనిషే, యంత్రం ఎక్కడుందన్నది ముఖ్యం కాదు. రెండోది, కేబుల్‌విజన్ ప్రతి చందాదారుకీ విడి కాపీ పెట్టింది. నా కాపీ నాకే, మీ కాపీ మీకే. కాబట్టి అది బహిరంగ ప్రదర్శన కాదు.

కర్రీ పాయింట్‌కి తీసుకురండి దీన్ని. లక్షమంది ఒకే ఆవకాయ అడిగారు. ఒక పెద్ద గంగాళంలో పెట్టి అందరికీ వడ్డించొచ్చు. కానీ చట్టం ముందు నిలవాలంటే లక్ష జాడీలు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు, లోపల మాత్రం అదే ఆవకాయ. ఇంజినీరుకి ఇది శుద్ధ దండగలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది చాలా గొప్ప విషయం. ఎందుకంటే జాడీ మీద మీ పేరుంటే, అది మీది. ఛానెల్ వాడు రేపు ఆ ప్రోగ్రాం తీసేసినా మీ జాడీ జోలికి రాలేడు.

ఇప్పుడు బ్రిటన్ వెళ్దాం. స్కై కంపెనీ 2001లో హార్డ్ డిస్క్ ఉన్న స్కై ప్లస్ బాక్స్ తెచ్చి, అక్కడి జనానికి రికార్డింగ్ అలవాటు చేసింది. అదే కంపెనీ 2021 అక్టోబరులో స్కై గ్లాస్ అని టీవీనే అమ్మింది. డిష్ లేదు, హార్డ్ డిస్క్ లేదు, అంతా ఇంటర్నెట్ మీదే. రిమోట్‌లో ప్లస్ బటన్ మాత్రం ఉంచారు. నొక్కితే ప్లేలిస్ట్‌లో చేరుతుంది. జనం రికార్డు అయిందనే అనుకున్నారు. చాలావరకు అవలేదు! ఎక్కువ ప్రోగ్రాములకి అది ఎక్కడుందో చెప్పే లింకు, అంతే. హక్కుల గడువు అయిపోతే లింకు ఉంటుంది, ప్రోగ్రాం ఉండదు. రికార్డు చేసుకున్నప్పుడు యాడ్స్ దాటించేవాళ్ళు, ఇప్పుడు దాటించాలంటే విడిగా ప్యాక్ కొనాలి.

జాడీ ఇవ్వలేదు వాళ్ళు, చీటీ ఇచ్చారు. "రండి, ఉంటే పెడతాం" అని.

మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే. బాక్స్ ఉందా లేదా అని కాదు, నేను దాచుకున్నది జాడీనా, చీటీనా? మా చెల్లి పాటకి జాడీ దొరికి ఉంటే, బాక్సులు ఎన్ని మారినా పాట ఉండేది. చీటీ అయితే, లోకల్ ఛానెల్ నాలుగు నిమిషాల పాటని సర్వర్లో ఎన్నాళ్ళు ఉంచుతుంది చెప్పండి?

ఇప్పటికే చాలాసేపైంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

డిష్ ఉన్నవాళ్ళ సంగతి. శాటిలైట్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. మీ డిష్‌కి చెవి ఉంది, నోరు లేదు. రిమోట్ నొక్కుడు పైకి పంపలేదు. కాబట్టి ఒట్టి డిష్‌తో క్లౌడ్ కుదరదు, పక్కన ఇంటర్నెట్ ఉండాల్సిందే. కానీ శాటిలైట్‌ది పెళ్ళి బంతి. ఒక్కసారి వండి అందరికీ ఒకేసారి వడ్డన, వెయ్యిమంది కూర్చున్నా కోటిమంది కూర్చున్నా పంపే సిగ్నల్ ఒక్కటే. ఇంటర్నెట్‌లో మామూలుగా ఎవరి పార్సిల్ వాళ్ళకే. 2023 నవంబరు 19న ప్రపంచ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అన్ని పార్సిళ్ళు ఒక్క కొట్టు నుంచి కట్టలేరు కాబట్టి ఊరూరా సర్వర్లు, అంటే బ్రాంచీలు. ఫైబర్ ఆపరేటర్ల ఐపీటీవీలో, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో వాళ్ళ తీగ మీద వచ్చే టీవీలో, మల్టీకాస్ట్ అని ఒక పద్ధతి ఉంది, అందులో వీధి దాకా ఒకే కాపీ వచ్చి అక్కడ పంచుకుంటుంది. బంతి భోజనం వీధికి తెచ్చినట్టు.

మన దగ్గర బాక్స్ ఉన్నదీ, లేనిదీ రెండూ చూడొచ్చు. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఇంట్లో బాక్స్ పెట్టి ఛానెళ్ళు ఇచ్చింది. 2024లో బీఎస్‌ఎన్‌ఎల్ మధ్యప్రదేశ్, తమిళనాడుల్లో మొదలుపెట్టిన ఐఎఫ్‌టీవీ అనే ఫైబర్ టీవీకి బాక్సే అక్కర్లేదు, ఆండ్రాయిడ్ టీవీలో యాప్ చాలు. ఛానెళ్ళు రెండింటికీ ఫైబర్ మీదే వస్తాయి. ఇక్కడ బాక్స్‌ని చూసి ఏం తేలుస్తారు?

కరెంటు. అమెరికాలో ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టింది. 2010లో అక్కడి సెట్‌టాప్ బాక్సులు సుమారు 2,700 కోట్ల యూనిట్లు తాగాయి, అందులో మూడింట రెండు వంతులు ఎవరూ టీవీ చూడని వేళ. హార్డ్ డిస్క్ ఇంట్లోంచి పోతే ఆ భారం తగ్గుతుంది, సర్వర్ల వైపు కొంత పెరుగుతుంది.

ఇంకొకటి, వికెట్ పడితే పక్కింటి కేక ముందు వినిపించడం. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, మీ టీవీ రెండు మూడు ముక్కలు చేతిలో పెట్టుకున్నాకే ఆట మొదలుపెడుతుంది. ఆ ఆలస్యం అక్కడిది. వచ్చే వీడియోలో డిష్, ఫైబర్ పక్కపక్కన పెట్టి స్టాప్‌వాచ్‌తో కొలుద్దాం.

ఈలోపు ఎవరైనా బాక్స్ మార్చడానికి మీ ఇంటికి వస్తే, పాత వైరు పీకకముందే పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి, ఇందులో ఏమైనా దాచుకున్నారా అని. ఉంటే టీవీ ముందు ఫోన్ నిలబెట్టి, మొదలు నుంచి చివరి దాకా వీడియో తీసి పెట్టుకోండి. బొమ్మ కాస్త వంకరగా వస్తుంది, పర్వాలేదు.