యాడ్ చూసింది డాలస్‌లో, చీర కొన్నది కూకట్‌పల్లిలో

యాంకర్: నమస్కారం. హైదరాబాద్ స్టూడియో నుంచి ఈరోజు చర్చ చిన్న వ్యాపారుల కోసం. ఆన్‌లైన్ ప్రకటనలకు డబ్బు పెడుతున్నారు, కానీ ఏ ప్రకటన వల్ల ఏ ఆర్డర్ వచ్చిందో తెలియడం లేదు. ఏ ట్రాకింగ్ పద్ధతి పెట్టుకోవాలి? కూకట్‌పల్లిలో చేనేత చీరల దుకాణం నడిపే మేడమ్, ప్రకటనలు చూసుకునే కన్సల్టెంట్, మాదాపూర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే డెవలపర్ మనతో ఉన్నారు. మేడమ్, మీ ఇబ్బందేంటో చెప్పండి.

దుకాణం యజమాని: పోయిన దసరాకి గూగుల్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యాడ్స్ ఇచ్చామండి. నెలాఖరుకి ఒక రిపోర్టులో 38 ఆర్డర్లు, ఇంకోదాంట్లో 31. నా బిల్లు పుస్తకంలో చూస్తే మొత్తం 45. యాడ్స్ చూసే ఏజెన్సీని అడిగితే రెండూ కరెక్టే అన్నారు. అప్పటినుంచీ యాడ్స్‌కి డబ్బు పెట్టాలంటేనే టెన్షన్.

కన్సల్టెంట్: వాళ్లన్నది అబద్ధం కాదండి, కానీ ఎందుకో మీకు వివరించాల్సింది. ఒకావిడ సోమవారం ఇన్‌స్టాగ్రామ్‌లో మీ యాడ్ నొక్కారనుకోండి. గురువారం గూగుల్‌లో మీ దుకాణం పేరు వెతికి, అక్కడి యాడ్ నొక్కి చీర కొన్నారు. మనం సెట్టింగ్ మార్చకపోతే, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ, యాడ్ నొక్కిన 7 రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా చూసి ఒక్క రోజులోపు కొన్నా తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ నొక్కిన 30 రోజుల దాకా వేసుకుంటుంది. అమ్ముడుపోయింది ఒకటే చీర, లెక్కలో రెండు.

యాంకర్: మరి ఎవరి లెక్క నమ్మాలి?

కన్సల్టెంట్: బిల్లు పుస్తకాన్నే. మెటా రిపోర్టు మెటాలోని రెండు యాడ్స్‌ను పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. మొదట యూటీఎం పెట్టుకోండి. ఎక్కడినుంచి, ఏ మార్గంలో, ఏ ప్రచారం వల్ల వచ్చారో చెప్పేలా లింకు చివర సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అని మూడు పేర్లు తగిలించడమే, పైసా ఖర్చు లేదు. అందులో 'యూ' అంటే అర్చిన్, 2005లో గూగుల్ కొన్న కంపెనీ. అంత పాతదైనా నేను ముందు దాన్నే పెట్టమంటాను. కాకపోతే ఒకరు 'ఇన్‌స్టా' అని, ఇంకొకరు 'ఇన్‌స్టాగ్రామ్' అని రాస్తే రిపోర్టులో రెండు వరసలవుతాయి. ఇంగ్లిష్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా అంతే. పేర్లన్నీ ఒక షీట్‌లో రాసుకుని అందరూ అవే వాడాలి.

డెవలపర్: ఇంకొకటి చూడాలండి. కొన్ని ట్రాకింగ్ టూల్స్ క్లిక్‌ను ముందు తమ సర్వర్‌కి తిప్పి, అక్కడినుంచి మన పేజీకి పంపుతాయి. నెట్ నెమ్మదిగా ఉంటే పేజీ తెరుచుకునేలోపే మనిషి వెళ్లిపోతారు. సరిగా సెట్ చేయకపోతే యూటీఎం కూడా దారిలోనే పోతుంది. గూగుల్ 2018లో సెర్చ్ యాడ్స్‌కి పారలల్ ట్రాకింగ్ తప్పనిసరి చేసింది. మనిషి నేరుగా పేజీకి వస్తారు, క్లిక్ లెక్క వెనకాల నడుస్తుంది. అందుకే నేరుగా వచ్చే పద్ధతే ఎంచుకోండి.

దుకాణం యజమాని: మా చీరల్లో సగం అమెరికాకే వెళ్తాయమ్మా. అక్కడి పిల్లలందరి చేతుల్లో ఐఫోన్లే.

డెవలపర్: పిక్సెల్, అంటే మన పేజీలో పెట్టే మెటా ట్రాకింగ్ కోడ్, ఒక్కటే పెట్టుకుంటే మీకు దెబ్బ అక్కడేనండి. కుకీ అంటే మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు. ఐఫోన్ బ్రౌజర్ సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలన్నీ, అంటే మన సైటు కాక బయటివాళ్లు పెట్టేవి, ఆపేసింది. మన పేజీలోని స్క్రిప్ట్ పెట్టే కుకీని కూడా 7 రోజులకే తుడిచేస్తుంది. ట్రాకర్‌గా గుర్తించిన సైటు నుంచి, ఆ క్లిక్‌ను గుర్తుపట్టే కోడ్ అంటే క్లిక్ ఐడీ ఉన్న లింకుతో వస్తే 24 గంటలే. పట్టుచీర ఒక్క రోజులో ఎవరు కొంటారండి? అమ్మకి ఫొటో పంపాలి, అంచు నచ్చాలి, బ్లౌజు సంగతి తేలాలి. ఇవన్నీ అయ్యేసరికి ఆ గుర్తు చెరిగిపోతుంది. పైగా 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 నుంచి యాప్‌లు ట్రాక్ చేయడానికి అనుమతి అడగాల్సిందే. గూగుల్ బ్రౌజర్ క్రోమ్ కూడా థర్డ్ పార్టీ కుకీలు తీసేస్తానని 2020లో చెప్పి, 2024లో ఆ ఆలోచన మానుకుంది.

యాంకర్: అయితే దారేంటి?

డెవలపర్: సర్వర్ నుంచి పంపడం. ఆర్డర్ ఖాయమవగానే మన సర్వరే మెటా కన్వర్షన్స్ ఏపీఐకి, అంటే ఆర్డర్ల వివరాలు అందుకోవడానికి మెటా పెట్టిన దారికి, కబురు పంపుతుంది. కస్టమర్ ఫోన్‌లోని కుకీ మీదే ఆధారపడనక్కర్లేదు. పిక్సెల్‌నూ ఉంచితే రెండిటికీ ఒకే ఈవెంట్ ఐడీ, అంటే ఆ ఆర్డర్‌కి ఒకే గుర్తింపు కోడ్, ఇవ్వాలి. అది మరిచిపోతే ఒక్కో ఆర్డర్ రెండుసార్లు పడుతుంది. డెవలపర్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే.

దుకాణం యజమాని: ఇంకో రకం ఉంది. డాలస్‌లో ఉన్న కూతురు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వాళ్లమ్మకి పంపుతుంది. ఆవిడ మా షాపుకొచ్చి ఫోన్ చూపించి, ఇదే చీర కావాలంటారు. డబ్బులు నగదు.

కన్సల్టెంట్: దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా పట్టుకోలేదండి. అక్కడ పాత పద్ధతే. కౌంటర్‌లో "ఎక్కడ చూసి వచ్చారమ్మా?" అని అడగాలి. యాడ్‌కో కూపన్ మాట పెట్టొచ్చు. వాట్సాప్ లింకులో ముందే ఒక వాక్యం నింపి పెట్టొచ్చు, ఒక్కో యాడ్‌కి ఒక్కో వాక్యం. మెసేజ్ రాగానే ఏ యాడో మీకే తెలిసిపోతుంది. నిజానికి మీ షాపుకి వీటి విలువే ఎక్కువ. అమ్మకం జరిగే చోటే లెక్క పెట్టాలి.

యాంకర్: ఇంత సమాచారం తీసుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?

డెవలపర్: 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలవుతున్నాయి. కస్టమర్ ఫోన్ నంబరును గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి పంపినా సరే, ఎందుకు పంపుతున్నామో చెప్పి సమ్మతి తీసుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లల్ని ట్రాక్ చేసి యాడ్స్ చూపడం ఆ చట్టం ప్రకారం కుదరదు.

దుకాణం యజమాని: బిల్లులో 'ఎక్కడ చూసి వచ్చారు' అని ఒక గడి పెట్టిస్తాను సరే, రద్దీలో మా బిల్లింగ్ కుర్రాడు అడగడండి. ఖాళీగా వదిలేస్తాడు.

కన్సల్టెంట్: ఖాళీ వదలొద్దనండి. అడగకపోతే 'అడగలేదు' అనే రాయమనండి. ఎంతమందిని అడగలేదో తెలిస్తే మిగతా లెక్కను ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది.

దుకాణం యజమాని: శ్రావణమాసం యాడ్స్ మొదలయ్యేలోపు పెట్టిస్తాను. కౌంటర్‌లో మొదటి వారం నేనే కూర్చుంటాను.