రూల్ 5 డ్రాఫ్ట్: ఆ నలభై పేర్లలో ఎవరికి చోటివ్వాలి?

[తెర మీద: పసుపు రంగు వంతెన, దాని మీద నడిచి వెళ్తున్న జనం]

పిట్స్‌బర్గ్ వెళ్లిన తెలుగువాళ్లు పెన్ హిల్స్ వేంకటేశ్వర స్వామిని చూడకుండా తిరిగి రారు. దర్శనం అయ్యాక సాయంత్రం ఊళ్లోకి దిగితే ఈ పసుపు వంతెన కనిపిస్తుంది. బేస్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు దీని మీద కార్లు ఆపేస్తారు, జనం నడుచుకుంటూ స్టేడియానికి వెళ్తారు. వంతెన పేరు రొబెర్టో క్లెమెంటే. స్టేడియం లోపల కుడివైపు గోడ ఎత్తు సరిగ్గా 21 అడుగులు, ఎందుకంటే ఆయన జెర్సీ నంబర్ 21.

ఇంత గౌరవం అందుకున్న ఆటగాడిని ఈ ఊరి జట్టు పైరేట్స్ 4 వేల డాలర్లకు తెచ్చుకుంది. 1954 నవంబర్‌లో, బ్రూక్లిన్ డాడ్జర్స్ నుంచి. డాడ్జర్స్ అమ్మలేదు, ఇవ్వాలనుకోలేదు కూడా. అతన్ని పెద్ద జట్టులో పెట్టుకోకుండా మాంట్రియల్‌లోని చిన్న జట్టుకు పంపారు. అక్కడ ఉన్నవాణ్ని వేరే జట్లు తీసుకోవచ్చని రూల్ చెప్పింది, అట్టడుగున ఉన్న పైరేట్స్ మొదటి ఛాన్స్‌లోనే లాక్కుపోయారు. తర్వాత ఆయన కొట్టిన హిట్లు 3,000, గెలిచిన వరల్డ్ సిరీస్‌లు (సీజన్ చివర జరిగే ఫైనల్) రెండు.

ఆ రూల్‌కి ఇప్పుడున్న పేరు రూల్ 5 డ్రాఫ్ట్. ప్రతి నవంబర్‌లో అమెరికా బేస్‌బాల్ అభిమానులు "మన కుర్రాళ్లలో ఎవరిని కాపాడుకోవాలి" అని కొట్టుకునేది దీని గురించే.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద మైనర్ లీగ్‌లలో వంద మందికి పైగా కుర్రాళ్లు ఆడుతుంటారు. జట్టు అసలు జాబితాలో చోటు 40 మందికే. 19 నిండకముందే సంతకం చేసినవాడికి ఐదు సీజన్లు, 19 నిండాక చేసినవాడికి నాలుగు సీజన్లు గడువు. ఆ గడువు దాటినా 40లోకి ఎక్కించకపోతే డిసెంబర్‌లో ఏ జట్టయినా లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు. ఎక్కించడానికి నవంబర్ మధ్యలో ఆఖరి తేదీ.

ఐపీఎల్ రిటెన్షన్ లాంటిదే కదా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కాకపోతే 2025 మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్నది కమిన్స్, క్లాసెన్, హెడ్, అభిషేక్, మన విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి. అందరూ తెలిసిన మొహాలే. ఇక్కడ గొడవంతా ఊరూ పేరూ జనానికి తెలియని ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల గురించి. స్టార్లు ఎలాగూ ఆ 40లోనే ఉంటారు. అసలు టెన్షన్ ముప్పై ఏడు నుంచి నలభై దాకా ఉన్న ఆ చివరి సీట్ల దగ్గర.

అవి కూడా ఖాళీగా ఉండవు. సీజన్‌లో పెద్ద గాయమైనవాళ్లను 60 రోజుల జాబితాలో పెడితే 40 లెక్కలోకి రారు. వరల్డ్ సిరీస్ అవగానే వాళ్లందరూ వెనక్కి వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు ఒక కుర్రాణ్ని ఎక్కించాలంటే ఒకరిని దింపాలి. పైగా ఒకసారి ఎక్కించాక, అతన్ని మళ్లీ మైనర్ లీగ్‌కి పంపగలిగేది సాధారణంగా మూడు సీజన్లే. పచ్చికాయను తొందరపడి కోస్తే ఆ మూడూ అది పండేలోపే ఖర్చయిపోతాయి.

అభిమానులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే అని నా అభిప్రాయం. "మన కుర్రాళ్లలో ఎవరు గొప్పవాడు?" అని లెక్కేస్తారు. అడగాల్సింది "వేరేవాళ్లు ఎవరిని ఏడాది పొడుగునా భరించగలరు?" అని. తీసుకున్న జట్టు ఆ కుర్రాణ్ని మరుసటి సీజన్ మొత్తం, ఆ 40లో మ్యాచ్‌లకు దిగే 26 మంది జట్టులోనే ఉంచాలి. కిందికి పంపడానికి వీల్లేదు. వద్దనుకుంటే ముందు మిగతా జట్లకు వదలాలి, వాళ్లెవరూ తీసుకోకపోతే పాత జట్టుకే 50 వేల డాలర్లకు వాపసు. చాలామంది అలాగే ఇంటికి తిరిగొస్తారు.

[తెర మీద: ఇద్దరు ఆటగాళ్ల బొమ్మలు, పేర్లు లేవు]

ఇద్దరిని ఊహించుకుందాం. ఒకడు మైనర్ లీగ్ కింది మెట్టు సింగిల్-ఏలో ఆడే షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. చేతిలో మంత్రం ఉంది, కానీ మేజర్ లీగ్ పిచర్ (బంతి విసిరేవాడు) ముందు బ్యాట్ పట్టి నిలబడటానికి ఇంకా మూడేళ్లు పడుతుంది. రెండోవాడు అంతకంటే పైమెట్టు డబుల్-ఏలో రిలీఫ్ పిచర్, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చి బంతి వేసేవాడు. స్టార్ ఎప్పటికీ కాడు, కానీ బంతి గంటకు 98 మైళ్ల వేగంతో వేస్తాడు. అభిమాని మనసు మొదటివాడి మీద. ఆఫీసులో కూర్చున్న జనరల్ మేనేజర్ భయం రెండోవాడి మీద. ఓడిపోయే మ్యాచ్‌లలో ఒక్కో ఇన్నింగ్స్ వేయిస్తూ పిచర్‌ని ఏడాది దాచుకోవడం తేలిక. బ్యాట్ పట్టలేని షార్ట్‌స్టాప్‌ని బెంచి మీద ఆరు నెలలు కూర్చోబెట్టడం ఎవరికీ తేలిక కాదు.

వెంటనే పాత అభిమాని ఒకాయన లేచి "మరి సాంటానా?" అంటాడు. ఈ పేరు లేకుండా ఈ చర్చ ముగియదు. 1999లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ వదిలేసిన జోహాన్ సాంటానా సింగిల్-ఏ కుర్రాడే. ఫ్లోరిడా మార్లిన్స్ తీసుకుని, ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం మిన్నెసోటా ట్విన్స్‌కి ఇచ్చారు. 2000లో బాగా దెబ్బలు తిన్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున 6.49 పరుగులు ఇచ్చాడు! ట్విన్స్ ఆ ఏడు 93 మ్యాచ్‌లు ఓడారు కాబట్టి భరించారు. 2004లో, 2006లో బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. ఒప్పుకుంటాను, కానీ ఒక్క సాంటానాను చూసి ప్రతి సింగిల్-ఏ కుర్రాడికీ సీటు వేస్తే నలభై కాదు, ఎనభై సీట్లున్నా చాలవు.

నా వాదనకు గట్టి సాక్షి గారెట్ విట్లాక్. 2017లో కాలేజీ నుంచి న్యూయార్క్ యాంకీస్‌లో చేరాడు. 2017, 18, 19, 20: నాలుగు సీజన్లు అయిపోయాయి. 2019లో మోచేతికి ఆపరేషన్, 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ మొత్తం రద్దు. అతని చేయి ఎలా ఉందో మ్యాచ్‌లో చూసినవాళ్లే లేరు. యాంకీస్ వదిలేశారు. తీసుకున్నది ఎవరనుకున్నారు? బోస్టన్ రెడ్ సాక్స్, ఆజన్మ శత్రువు. 2021లో విట్లాక్ ఇచ్చిన పరుగుల సగటు, సాంటానాకి వేసిన లెక్కలోనే, 1.96. ఆ అక్టోబర్‌లో రెండు జట్లూ ఒకే ఒక్క నాకౌట్ మ్యాచ్‌లో తలపడితే బోస్టన్ 6-2తో గెలిచింది, ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతి వేసింది మన విట్లాకే. న్యూయార్క్ అభిమానులు ఆ రాత్రి ఏమన్నారో వీడియోలో చెప్పలేను.

కాపాడటం, వదిలేయడం కాకుండా మూడో దారి ఒకటుంది: ఆఖరి తేదీకి ముందే వేరే జట్టుకు ఇచ్చేయడం. టాంపా బే రేస్ దగ్గర కుర్రాళ్లు ఎప్పుడూ ఎక్కువే, సీట్లు ఎప్పుడూ తక్కువే. 2019 నవంబర్‌లో చోటు చాలక క్రిస్టఫర్ సాంచెజ్ అనే పిచర్‌ని ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కి ఇచ్చి, గడువు తీరడానికి ఇంకా సమయం ఉన్న కర్టిస్ మీడ్ అనే 19 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాణ్ని తెచ్చుకున్నారు. కాగితం మీద తెలివైన పని. ఆ రోజు నేను రేస్ అభిమానినైతే చప్పట్లు కొట్టేవాణ్నే. సాంచెజ్ 2025లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు.

కుర్రాడి వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. జట్టు తనని వదిలేస్తేనే మంచిదని కోరుకునేవాళ్లూ ఉంటారు, ఎందుకంటే ఇక్కడ దారి మూసుకుపోయినచోట ఇంకో జట్టు తలుపు తీయొచ్చు. అకీల్ బడూని ట్విన్స్ వదిలేస్తే డెట్రాయిట్ తీసుకుంది. 2021 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో ఎదుర్కొన్న మొదటి బంతినే హోమ్ రన్ కొట్టాడు. మర్నాడు గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. అది ఎవరి మీదంటే, ట్విన్స్ మీదే.

[తెర మీద: మళ్లీ అదే పసుపు వంతెన, రాత్రి వేళ]

మళ్లీ పిట్స్‌బర్గ్‌కి వద్దాం. క్లెమెంటేని ఈ దారిలోనే తెచ్చుకున్న పైరేట్స్, 2003 డిసెంబర్‌లో జాబితాలో ఖాళీలున్నా నింపలేదు. ఒకే రోజు ఐదుగురు కుర్రాళ్లు పోయారు. వాళ్లలో ఒకడు హోసే బౌటిస్టా. 2004 ఒక్క ఏడాదిలో బాల్టిమోర్, టాంపా, కాన్సాస్ సిటీ, మెట్స్ చుట్టూ తిరిగి మళ్లీ పైరేట్స్ దగ్గరికే వచ్చాడు. పోయినవాడు కాళ్ల దగ్గరికి వచ్చాడు కదా, ఈసారైనా పట్టుకున్నారా? 2008లో టొరంటోకి ఇచ్చేశారు. 2010లో అతను కొట్టిన హోమ్ రన్‌లు 54.

ఆ వంతెన మీద నడిచే పెద్దాయన ఎవరినైనా ఆపి 2003 డిసెంబర్ గురించి అడిగి చూడండి. మ్యాచ్‌కి ఓ గంట ముందు అడగండి, ఆయన చెప్పడం మొదలుపెడితే మొదటి ఇన్నింగ్స్ పోతుంది.