అతిథుల ఊళ్లో అచ్చుల పని: షెంజెన్ గ్వాన్‌లాన్

[దృశ్యం: చెరువు. వెనక పెంకుటిళ్ల వరసలు. కెమెరా సందులోకి నడుస్తుంది.]

హక్కా ఇళ్లు అనగానే చాలామందికి కోటలా గుండ్రంగా ఉండే పెద్ద మట్టి కట్టడాలు గుర్తొస్తాయి. అవి చైనాలోని ఫుజియన్ ప్రావిన్సులో ఉంటాయి, ఇక్కడ వెతక్కండి. ఇది షెంజెన్ నగరానికి ఉత్తరపు కొసన, లాంగ్‌హువా జిల్లాలోని గ్వాన్‌లాన్. ఇక్కడివి వరస ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, మధ్యలో సన్నటి సందులు.

హక్కా అంటే అతిథి కుటుంబాలు. ఉత్తర చైనా నుంచి శతాబ్దాల పాటు విడతలుగా దక్షిణానికి వలస వచ్చినవాళ్లు. ఎన్ని తరాలు గడిచినా పేరుకు అతిథులే!

[దృశ్యం: ఇళ్ల మధ్య కావలి బురుజు.]

ఆ బురుజు కిటికీలు చూడండి, ఎంత చిన్నవో. దొంగల భయం మరి.

ఇప్పుడీ పాత ఇళ్లలో చిత్రకారులు అచ్చుచిత్రాలు చేస్తారు, అంటే పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు. సరే, వాటికి ఈ ఊరే ఎందుకు?

[దృశ్యం: నలుపు తెలుపు చెక్క అచ్చుచిత్రాలు.]

చెక్క అచ్చుచిత్రకారుడు చెన్ యెన్‌చియావ్ పుట్టింది గ్వాన్‌లాన్‌లోనే. 1931 ఆగస్టులో రచయిత లూసున్ షాంఘైలో కుర్రాళ్లకు చెక్క చెక్కడం నేర్పించే చిన్న తరగతి పెట్టించాడు. పాఠం చెప్పింది జపాన్‌కు చెందిన ఉచియామా కకిచి. లూసున్ పక్కనే నిలబడి చైనీస్‌లోకి చెప్పాడు. అక్కడ మొదలైన ఊపులో ఉలి పట్టినవాళ్లలో చెన్ ఒకడు. చెక్క చవక, ఒక్క పలక మీద బోలెడు ప్రతులు తీయొచ్చు, చదువు రానివాడికీ బొమ్మ అర్థమవుతుంది. 1936 అక్టోబరు 8న ఓ ప్రదర్శనలో లూసున్ ఈ కుర్రాళ్లతో కబుర్లాడుతుంటే షా ఫెయ్ ఫొటోలు తీశాడు. వాటిలో చెన్ కూడా ఉన్నాడు. పదకొండు రోజులకే లూసున్ పోయాడు.

2006లో ఇక్కడి పాత ఇళ్లను అచ్చుచిత్రకారుల కోసం బాగుచేయడం మొదలైంది. దేశవిదేశాల నుంచి వచ్చి, ఈ ఇళ్లలోనే ఉండి పనిచేసుకుంటారు. 2014లో పక్కనే మ్యూజియం కూడా వచ్చింది. అది పెద్ద భవనం. చూడండి, కానీ నన్నడిగితే కాసేపైనా వర్క్‌షాప్ దగ్గర ఆగండి.

[దృశ్యం: చెక్క పలక మీద ఉలి. దగ్గరగా.]

పెడన కలంకారీ అచ్చులు చూసినవాళ్లకు ఇది సగం తెలిసిన పనే. తెల్లగా ఉండాల్సిన చోట చెక్కేస్తారు, మిగిలిన మిట్టకే రంగు అంటుతుంది. తేడా ఆ తర్వాత. పెడనలో అచ్చును బట్ట మీదికి దించుతారు. ఇక్కడ పలక కదలదు. దాని మీద కాగితం పరిచి వెనక నుంచి రుద్దుతారు, లేదా ప్రెస్‌లో పెట్టి తిప్పుతారు. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది కాబట్టి అక్షరాలుంటే తిరగేసి చెక్కాలి. అందులో తప్పు పోతే తుడిచేయడం కుదరదు, పలకే మార్చుకోవాలి.

[దృశ్యం: ఆరిన కాగితం. కింది అంచున పెన్సిల్ రాత.]

బొమ్మ నచ్చితే కొనే ముందు కింద చూడండి. 3/20 అని ఉందనుకోండి, తీసిన ఇరవై ప్రతుల్లో ఇది మూడోది. లెక్క పూర్తయ్యాక చాలామంది పలక మీద అడ్డంగా గీత గీసేస్తారు. ఇరవై ఒకటోది ఇక రాదు.