మొదటిసారి గుహలకు పోతున్నరా? హెల్మెట్ నుంచి ఇరుకు దాంక

నమస్తే. ఇయ్యాల గుహల సంగతి. పదో తరగతి, ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదటిసారి పోవాలంటే ఏమేం కావాలె, లోపల ఎట్ల కదలాలె, అన్నిటికంటే ముఖ్యంగ ఇరుకుల నుంచి వెనక్కి ఎట్ల రావాలె, అది చూద్దాం. సామాన్లన్నీ ఈ బల్ల మీదున్నయి.

ఇగో, హెల్మెట్. బైకు హెల్మెట్ పనికిరాదు. బరువుంటది, చెవులు మూసుకపోతయి. గుట్టలెక్కేటోళ్లు పెట్టుకునేది కావాలె. గడ్డం కింద పట్టీ బిగించుండ్రి, తల వంచి ఊపుండ్రి. జారిందా? మల్ల బిగించుండ్రి. అయిపోయింది.

లైట్లు మూడు. మనిషికి మూడు, గుంపుకు మూడు కాదు. ఒకటి హెల్మెట్ మీద, ఒకటి జేబుల, ఒకటి సంచిల. ఫోన్ లైటును లెక్కల వేసుకోవద్దు. రాయి పట్టుకోనీకి రెండు చేతులు కావాలె కదా. వెలుగు కొలత 200 ల్యూమెన్లుంటే మస్తు. దూరం కొట్టే లైటు కంటే దగ్గర్ల వెడల్పుగ పరుచుకునేది మంచిది. నన్నడిగితే పెన్సిల్ సెల్లు పట్టే లైటే కొనుండ్రి. ఛార్జింగు లైటు లోపల అయిపోతే ఏం చెయ్యలేం, పెన్సిల్ సెల్లు నల్లమల అడవి కాడి మన్ననూరు ఊర్ల కిరాణా దుకాణంల కూడ దొరుకుతది. సంచిల స్విచ్ ఒత్తుకపోయి సెల్లు అయిపోతదని భయముంటే, ఇట్ల, ఒక సెల్లును తిరగేసి పెట్టుండ్రి. ఇంట్ల కండ్లు మూసుకుని సెల్లు మార్చుడు అలవాటు చేసుకోండ్రి.

మోకాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లౌజులు, అడుగు జారని బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. మన దిక్కు గుహలల్ల చలి ఉండదు, ఉక్కపోత ఉంటది. చెమటకు నీళ్లు తొందరగ అయిపోతయి. బట్టల ముచ్చట ఇరుకు కాడ చెప్త, మర్చిపోకుండ్రి.

ఎక్కడికి పోవాలె? మన నల్లగొండ, పాలమూరు గుట్టలన్నీ ఎక్కువగ గ్రానైటు. గ్రానైటు నీళ్లకు కరగదు, కాబట్టి ఈడ గుహ అంటే చాలాసార్లు గుండ్ల నడుమ సందే. సున్నపురాయి అట్ల కాదు. వాన నీళ్లు గాలిల, మట్టిల ఉండే కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం ఆమ్లమైతయి, వేల ఏండ్లు రాయిని కరిగించుకుంట దారి చేసుకుంటయి. అసలు పొడుగు గుహలు గట్ల వస్తయి.

మొదలు భువనగిరి. ఆడ రాయి ఎక్కుడు నేర్పే బడి ఉంది. 2014ల ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ గుట్ట మీదనే. రాయి మీద కాలు ఎట్ల ఆనాలె, తాడు ఎట్ల కట్టాలె ఆడ నేర్చుకోండ్రి. తర్వాత అక్కమహాదేవి గుహలు. శ్రీశైలం పాతాళగంగ నుంచి కృష్ణల బోటు మీద పోవాలె, లోపల శివలింగం దాంక చీకట్ల ఇరుకు దారి. దాని తర్వాత కర్నూలు మీదికెళ్లి బేలం. 3,229 మీటర్ల గుహ, జనాన్ని ఒకటిన్నర కిలోమీటరు దాంక పోనిస్తరు, లైట్లుంటయి, మెట్లుంటయి. ఈ మూడూ అయినంక మిగిలినయి. అమ్రాబాద్ పులుల అడవిల మాత్రం అటవీ శాఖ పర్మిషన్ లేనిది అడుగు పెట్టొద్దు.

ఊరి పక్క గుట్ట అయినా సరే, గుహ మూతి కాడ ఆగి చూడుండ్రి. గింజలు, చీమల తునకలు కనిపించే పెంట ఉంటే అది ఎలుగుబంటిది. పచ్చిగుంటే అటే వెనక్కి రావాలె. పైన కొండ తేనెటీగల పట్టు ఉంటే సెంటు కొట్టుకుని పోవద్దు, పొగ పెట్టొద్దు, అరవొద్దు. గబ్బిలాలుంటే మాస్కు పెట్టుకోండ్రి, వాటి పెంట దుమ్ముల బూజు ఊపిరితిత్తులకు సోకుతది. పిల్లలతోని ఉన్న గబ్బిలాల కాడికి పోనే వద్దు.

నడుసుడు తేలిక. రెండు కాళ్లు, రెండు చేతులల్ల ఎప్పుడైనా మూడు రాయి మీదనే ఉండాలె. దారి చీలినప్పుడల్లా వెనక్కి తిరిగి లైటు వేసి చూడుండ్రి. వచ్చేటప్పుడు అదే దారి వేరే తీరుగ కనిపిస్తది.

ఇగ ఇరుకు. ఈడ నిమ్మళంగ చెప్త.

ముందు లైటు కొట్టి చూడుండ్రి, కిందికి వాలు ఉందా? ఉంటే తల ముందు పెట్టి అస్సలు పోవద్దు. కాళ్లు ముందు, బోర్ల పండుకుని, కడుపు రాయికి ఆనించి దిగాలె. ఎందుకంటే తల కిందికుంటే మన బరువే మనల్ని ఇంకా లోపలికి గుంజుతది. ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం జారుతం, పీల్చినప్పుడు ఛాతి పట్టేసుకుంటది. 2009ల అమెరికాల, యూటా రాష్ట్రంల, నట్టీ పుట్టీ గుహల ఒక యువకుడు గట్లనే తలకిందులుగ ఇరుక్కుని, 24 గంటల మీద ప్రయత్నం చేసినా బయటికి తియ్యలేక సచ్చిపోయిండు. ఆ గుహనే మూసేసిన్రు.

వాలు లేదు, సమానంగ ఉంది. అప్పుడు ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి ఒంటి పక్కన వెనక్కి. ఇట్ల. భుజాలు వంకరై వెడల్పు తగ్గుతది. ముందు చెయ్యి గుంజుతది, వెనక చెయ్యి నూకుతది. రెండూ ముందుకు పెడితే వెనక్కి నూక్కోరాదు. జేబులు ఖాళీ, బెల్టు తీసెయ్యాలె, సంచి ముందట నూకాలె. ఊపిరి వదిలి కొంచెం జరగాలె, ఆగాలె, పీల్చాలె.

ముందుకు పోవుడు వస్తది. తిప్పలంతా వెనక్కి వచ్చేటప్పుడు. చూడుండ్రి, ఈ అంగి వేసుకుని వెనక్కి జరుగుత. అంగి రాయికి తట్టుకుని పైకి జరిగి, చంకల కాడ ముద్దై కూసుంటది. ఒంటి కంటే ఆ ముద్ద మందం ఎక్కువ. పోయేటప్పుడు పట్టిన సందే వచ్చేటప్పుడు పట్టదు. శానా మంది ఈడ బెదిరి ఊపిరి గట్టిగ పీలుస్తరు, ఇంకింత బిగుసుకుంటది. గందుకే బట్టల ముచ్చట ఆపిన. కార్ఖానాల మెకానిక్కులు వేసుకునే ఒంటి ముక్క ఓవరాల్ కొనుండ్రి. అది లేకపోతే అంగిని ప్యాంటుల దోపి, పైన గట్టి నాడా కట్టుండ్రి. ఒకవేళ పట్టేసిందా, ఆగుండ్రి. చిన్న చిన్నగ ఊపిరి తీసుకోండ్రి. వెనకున్న మనిషి అంగి కిందికి గుంజాలె, మీ పాదాలకు చేతులు ఆనించాలె.

ఇది ఇంట్ల నేర్చుకోవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ల నడుమ నుంచి దూరుండ్రి. ముందుకు ఒకసారి, వెనక్కి మూడు సార్లు. వెనక్కి రావుడు సాఫీగ అయినంకనే గుహ.

ఆఖరుకు మనుషుల లెక్క. తక్కువల తక్కువ నలుగురు, అందుట్ల ఇంతకు ముందు గుహలకు పోయొచ్చిన పెద్ద మనిషి ఒకరు. ఒకరికి దెబ్బ తాకితే ఒకరు కాడ ఉంటరు, ఇద్దరు సాయానికి పోతరు. ఇంట్ల కాయితం మీద రాసిపెట్టుండ్రి: ఏ గుహ, ఎవరెవరం, ఎన్ని గంటలకు లోపలికి, ఎన్ని గంటలకు బయటికి, ఎన్ని గంటల దాంక ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలె. నల్లమలల సిగ్నల్ రాదు, కాబట్టి సిగ్నల్ దొరికే ఊరు చేరే టైము కూడ కలిపి రాయుండ్రి. వాన మబ్బు కనిపిస్తే ఆ రోజు పోవుడు బంద్.