బాలింత పథ్యం, పసిబిడ్డ గొంతు

సభకు నమస్కారం. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన ఒక్క గది ప్రయోగశాలగా, బి1 విటమిన్ లోపం వల్ల వచ్చే బెరిబెరి వ్యాధిపై పరిశోధన కోసమే పుట్టి, 1958లో మన నగరానికి తరలివచ్చింది. ఆ జబ్బు పాతకాలానిదని చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకమే నన్ను భయపెడుతోంది.

1980ల చివర్లో, 1990ల మొదట్లో థాయ్‌లాండ్, బర్మా సరిహద్దులోని కరెన్ తెగవారి శరణార్థి శిబిరాల్లో, తల్లిపాలు తాగుతూ బొద్దుగా పెరుగుతున్న పసివాళ్లు రెండు మూడు నెలల వయసులో ఉన్నట్టుండి పాలు మానేసి, గొంతు బొంగురుపోయి, నోరు తెరిచి ఏడ్చినా శబ్దం రాక, గుండె విఫలమై చనిపోయేవారు. అది బెరిబెరే: తల్లిపాలలో బి1 విటమిన్, అంటే థయామిన్, చాలినంత లేకపోవడమే అందుకు కారణం. రేషనులో వచ్చేది బాగా పాలిష్ పట్టిన బియ్యం. నంజుకునే పులిసిన చేపల ముద్ద థయామిన్‌ను విరిచేస్తుంది. వక్క నమలడం కూడా దాన్ని హరిస్తుంది. వీటన్నిటిపైన కాన్పు తరువాతి కఠిన పథ్యం. శరీరంలో ఈ విటమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించదు కనుక, పథ్యం ముగిసేలోపే తల్లి నిల్వలు ఖాళీ కావచ్చు. ఆమెకు మహా అయితే అరికాళ్ల తిమ్మిర్లు ఉంటాయి, లేదా ఏమీ ఉండవు. సకాలంలో థయామిన్ ఇంజెక్షన్ అందిన బిడ్డ కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. ఇంత సులువుగా నయమయ్యే జబ్బుతో బిడ్డలను పోగొట్టుకోవడం నాకు భరించరానిదిగా తోస్తుంది.

మన బాలాపూర్ పరిసరాల్లో ఉంటున్న, బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి కుటుంబాల తిండి, బతుకు వేరు. కరెన్ శిబిరాల లెక్కలను వారికి అంటగట్టకూడదు. అయితే అడగవలసిన ప్రశ్నలు అవే: అన్నం గంజి వార్చి పారబోస్తున్నారా, కాన్పయ్యాక బాలింత ఏమేమి మానేసింది, ఎన్నాళ్లుగా మానేసింది? పథ్యాన్ని ఎగతాళి చేయకండి; పప్పు వాతమని బాలింతకు పెట్టని ఇళ్లు మనలోనూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పాలిచ్చే తల్లికి రోజుకు కావలసింది 1.5 మిల్లీగ్రాముల థయామిన్. పెసలు, వేరుశనగలు, దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం దానికి తోడ్పడతాయి.

బిడ్డ గొంతు బొంగురుపోతే జలుబని సరిపెట్టక, వెంటనే వైద్యుడికి చూపించి, తల్లి ఏం తింటున్నదో ఆయనకు మీరే చెప్పండి. వైద్యం తల్లికీ అందాలి. ఇంటికి వెళ్లినప్పుడు ముందుగా పొయ్యి దగ్గరుండే పెద్దావిడను పలకరించండి. బాలింత కంచంలో ఏది పడాలో నిర్ణయించేది ఆమే.