తుపాకీ పర్మిట్ ఉన్నవాళ్ల ఇంటి అడ్రసు పేపర్లో వేయొచ్చా?

నమస్తే అండీ. ఈ వీడియోలో ఒక మ్యాప్ గురించి మాట్లాడుకుందాం. 2012లో, క్రిస్మస్‌కు ముందు వారాంతంలో ‘ద జర్నల్ న్యూస్’ అనే పత్రిక తన వెబ్‌సైట్‌లో పెట్టిన మ్యాప్ అది. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్ అని రెండు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, ఉన్నాయి. అక్కడి స్థానిక పత్రిక ఇది. మ్యాప్ నిండా చుక్కలు. ఏ చుక్క మీద నొక్కినా ఒక మనిషి పేరు, ఇంటి నంబరు, వీధి పేరు కనిపిస్తాయి. ఆ మనిషి ఏ నేరమూ చేయలేదు. అప్లికేషన్ పెట్టుకుని, వేలిముద్రలిచ్చి, చట్టప్రకారం పిస్టల్ పర్మిట్ తీసుకున్నాడు. అలాంటివాళ్ల పేర్లు 33 వేలకు పైగా ఉన్నాయి అందులో.

పత్రిక ఇలా ఎందుకు చేసిందో అర్థం కావాలంటే అప్పటి రోజులు గుర్తుచేసుకోవాలి. ఆ డిసెంబరు 14న, పక్క రాష్ట్రం కనెటికట్‌లో, శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో 20 మంది చిన్నపిల్లలను, ఆరుగురు పెద్దవాళ్లను ఒక యువకుడు కాల్చి చంపాడు. అతను వాడిన తుపాకులు వాళ్లమ్మ చట్టబద్ధంగా కొన్నవే. ముందు ఆమెనే చంపి స్కూలుకు బయల్దేరాడు. ‘మా పక్కింట్లో తుపాకీ ఉందా, మా పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో ఉందా’ అని తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుంది. ఆ భయం నిజమైనది, దాన్ని నేను తీసిపారేయను. పర్మిట్ల జాబితా కూడా న్యూయార్క్ చట్టం ప్రకారం పబ్లిక్ రికార్డే. మన సమాచార హక్కు చట్టంలాంటి చట్టం అక్కడా ఉంది. పత్రిక దాని కింద దరఖాస్తు పెట్టింది, కౌంటీలు ఇచ్చాయి, పత్రిక వేసింది. చట్టం దృష్టిలో తప్పేమీ లేదు.

అయినా అది చేయకూడని పని అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ మ్యాప్ నిజంగా ఏం చెప్పిందో చూడండి. న్యూయార్క్ నగరం సంగతి వేరు. ఆ నగరం దాటితే రాష్ట్రంలో అప్పట్లో రైఫిల్‌కు, షాట్‌గన్‌కు పర్మిట్ అక్కర్లేదు. పిస్టల్, రివాల్వర్ లాంటి చేతి తుపాకులకే కావాలి. శాండీ హుక్‌లో పిల్లల ప్రాణాలు తీసింది రైఫిల్. అంటే ఏ రకం తుపాకీకి భయపడి జనం ఆ మ్యాప్ తెరిచారో ఆ రకం తుపాకీ అందులో లేదు. దొంగతుపాకీ ఉన్నవాడి పేరు ఎలాగూ ఉండదు. పైగా రాక్‌లాండ్‌లో అప్పటికి పర్మిట్‌కు గడువంటూ లేదు, కాబట్టి ఏనాటివో పాత వివరాలు కూడా జాబితాలో ఉండిపోయే వీలుంది. చుక్క లేని ఇంట్లో తుపాకీ లేదని ఏ తల్లి అయినా ధైర్యంగా ఉంటే, ఆ ధైర్యానికి ఆధారం లేదు. పిల్లల భద్రత పేరు చెప్పి వేసిన మ్యాప్, భద్రత గురించి చెప్పగలిగింది చాలా తక్కువ.

చెప్పిందల్లా ఎవరు ఎక్కడ ఉంటున్నారో మాత్రమే. అది ఎవరికి పనికొస్తుంది? రాక్‌లాండ్ కౌంటీ షెరిఫ్, అంటే అక్కడి పోలీసు, జైళ్ల అధికారి, అప్పట్లో ప్రెస్ మీట్ పెట్టి ఒక విషయం చెప్పారు. జైల్లో ఉన్న ఖైదీలు వార్డర్ల దగ్గరకొచ్చి ‘మీ ఇల్లు ఎక్కడో మాకు తెలుసు’ అంటున్నారట. ఒక్కసారి ఆ వార్డర్ స్థానంలో నిలబడి ఆలోచించండి. డ్యూటీ దిగి ఇంటికెళ్తే అక్కడ భార్యాపిల్లలుంటారు. వేధించిన భర్త నుంచి తప్పించుకుని, ఊరు మారి, భయంతోనే పర్మిట్ తీసుకున్న ఆడవాళ్లుంటారు. రిటైరైన పోలీసులుంటారు. కేసుల్లో సాక్ష్యం చెప్పినవాళ్లుంటారు. ఇంతమంది ఇళ్ల మీద చుక్క పెట్టేశారు.

కొన్ని వారాలకే వెస్ట్‌చెస్టర్ కౌంటీలోని వైట్ ప్లెయిన్స్‌లో ఒక ఇంట్లో దొంగలు పడి, తుపాకులు దాచిన సేఫ్‌ను తెరవబోయారు. ఆ ఇల్లు మ్యాప్‌లో ఉంది. వాళ్లు మ్యాప్ చూసే వచ్చారని మాత్రం తేలలేదు, కాబట్టి దాన్ని రుజువుగా నేను చూపించను. రుజువు కోసం ఎదురుచూడాల్సిన విషయం కూడా కాదిది. అడ్రసు బయటపడ్డాక వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. కోపమొచ్చినవాళ్లు ఆ పత్రిక ఎడిటర్లు, రిపోర్టర్ల ఇళ్ల అడ్రసులు వెతికి ఇంటర్నెట్‌లో పెట్టారు. బెదిరింపులు వచ్చాయి. చివరికి పత్రిక తన ఆఫీసు ముందు తుపాకులు పట్టుకున్న గార్డులను కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. ఇది చూసి ‘తగిన శాస్తి జరిగింది’ అని నవ్వినవాళ్లు చాలామంది. నేను నవ్వలేను. పర్మిట్ ఉన్న మనిషి ఇంటి అడ్రసు వేయడం తప్పయితే రిపోర్టర్ ఇంటి అడ్రసు వేయడమూ తప్పే. ఆ ఇంట్లోనూ పిల్లలున్నారు.

పక్కనున్న పుట్నం అనే కౌంటీ మాత్రం జాబితా ఇవ్వనంది. 2013 జనవరి 15న అప్పటి న్యూయార్క్ గవర్నర్ క్యూమో సంతకం చేసిన కొత్త తుపాకుల చట్టంలో, పర్మిట్ ఉన్నవాళ్లు తమ వివరాలు రహస్యంగా ఉంచమని కోరే వీలు పెట్టారు. 18న పత్రిక పేర్లు, అడ్రసులు తీసేసి ఉత్త చుక్కల బొమ్మ ఒకటి మిగిల్చింది. ఇది మొదటిసారీ కాదు. 2007లో వర్జీనియాలో ‘రోనోక్ టైమ్స్’ పత్రిక, బట్టల చాటున తుపాకీ పెట్టుకుని తిరిగే పర్మిట్ ఉన్న లక్షా 35 వేల మంది జాబితా పెట్టి, మర్నాడే తీసేసింది. ఆ రాష్ట్రమూ తర్వాత ఆ జాబితా జనానికి అందకుండా తలుపులు మూసేసింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ తలుపులు మూసుకోవడమే. ఎందుకంటే పర్మిట్ల రికార్డు జనానికి నిజంగా కావాలి. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ ఉంది కదా, సిలికాన్ వ్యాలీ, మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉండే చోటు. అక్కడ లారీ స్మిత్ అని ఏళ్ల తరబడి షెరిఫ్‌గా చేసినావిడ, తనకు ఎన్నికల విరాళాలిచ్చినవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు కన్సీల్డ్ క్యారీ పర్మిట్లు, అంటే బట్టల చాటున తుపాకీ పెట్టుకుని తిరిగే పర్మిట్లు, ఇచ్చి, మామూలు జనం అప్లికేషన్లను మూలన పడేశారని ఆరోపణలొచ్చాయి. 2022 నవంబరులో జ్యూరీ ఆవిడ పదవిని దుర్వినియోగం చేశారని తేల్చింది. న్యూయార్క్ నగర పోలీసుల లైసెన్స్ విభాగంలోనూ లంచాలు తీసుకుని తుపాకీ పర్మిట్లు ఇచ్చారని కేసులు పడ్డాయి, కొందరు అధికారులు నేరం ఒప్పుకున్నారు. ఇలాంటివి బయటపడాలంటే ఎవరికి పర్మిట్ ఇచ్చారో తెలియాల్సిందే. విరాళాల జాబితా పక్కన పర్మిట్ల జాబితా పెట్టి చూసే రిపోర్టర్ ఉండాల్సిందే. అక్కడ నాలుగు పేర్లు వేస్తే ఆ నాలుగు పేర్లే సాక్ష్యం.

మన ఊళ్లలో ఉపాధి హామీ సామాజిక తనిఖీ చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు, గ్రామసభలో పేర్లు చదివేవాళ్లు. అసలు పనిలోకే వెళ్లనివాళ్ల పేర, చనిపోయినవాళ్ల పేర డబ్బు ఎత్తిన సంగతులు అలాగే బయటపడ్డాయి. అక్కడ పేరు చదవకపోతే దొంగలెక్క దొరకదు. జర్నల్ న్యూస్ 33 వేల పేర్లు వేసి ఏ దొంగలెక్క పట్టుకుంది? ఫలానా పర్మిట్ అన్యాయంగా ఇచ్చారని ఆ మ్యాప్ చెప్పలేదు. రికార్డు చేతిలో ఉన్నప్పుడు పత్రిక నిఘా పెట్టాల్సింది పర్మిట్ ఇచ్చే కుర్చీ మీద. ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చారు, ఎవరికి కాదన్నారు, గృహహింస కేసు ఉన్నవాడికి కూడా ఇచ్చారా? ఇవన్నీ తేల్చడానికి ఆ జాబితా వాడి ఉంటే, ఊరూ వీధీ దాకా ఎన్ని పర్మిట్లున్నాయో లెక్క చెప్పి ఉంటే, పేర్లు బయటపెట్టకుండానే గట్టి వార్త అయ్యేది. అప్పుడు రికార్డును మూసేయమని ఒత్తిడి కూడా అంతగా వచ్చేది కాదని నేను అనుకుంటున్నాను.

పత్రికలు మానేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. 2022 జూన్ 27న కాలిఫోర్నియా న్యాయశాఖ తుపాకుల లెక్కల కోసం కొత్త వెబ్‌సైట్ తెరిచింది. పారదర్శకత కోసమే అన్నారు. వెనకాల సెట్టింగుల్లో లోపం వల్ల, కన్సీల్డ్ క్యారీ పర్మిట్‌కు అప్లై చేసిన దాదాపు లక్షా 92 వేల మంది పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రసులు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా బయటపడ్డాయి. ఒక రోజులోపే ఆపేశారు కానీ, ఆలోపే చాలామంది దించుకున్నారు. కావాలని చేసింది కాదని తర్వాత విచారణలో తేలింది. పర్మిట్ కోసం ఆ వివరాలు ప్రభుత్వానికి ఇవ్వక తప్పని మనిషికి మాత్రం, ఏ దారిన పోయినా పోయింది తన ఇంటి అడ్రసే.

న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటూ పర్మిట్ తీసుకున్న తెలుగువాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఒక్క మాట. మీ వివరాలు రహస్యంగా ఉండటం దానంతటదే జరగదు, మీరు అడగాలి. దానికి వేరే ఫారం ఉంటుంది. ప్రాణభయం ఉందనో, పోలీసు ఉద్యోగమనో, కోర్టు రక్షణ ఉత్తర్వు ఉందనో, సాక్షిగా లేదా జ్యూరీలో ఉన్నారనో, లేదంటే వేధింపులు వస్తాయన్న భయమనో, అందులో ఏ కారణం మీకు వర్తిస్తుందో టిక్ చేసి మీ కౌంటీలో పర్మిట్ ఇచ్చే ఆఫీసులో ఇవ్వాలి. పర్మిట్ పాతదైనా సరే, ఇప్పుడైనా ఇవ్వొచ్చు.