ఎవరు నొక్కినారమ్మా?

వేదిక మీది పెద్దలకు, అనంతపురం చుట్టుపక్కల ఊర్ల నుంచి కాళ్లూచేతులు సరిగా ఆడని బిడ్డల్ని ఎత్తుకొని వచ్చిన అమ్మానాయనలకు, అవ్వలకు నమస్కారం. సన్మానాలు తర్వాత. బిడ్డలు కుదురుగా ఉన్నప్పుడే పని చెప్పేస్తా.

ఇదిగో, సాసరంత మీట, చిన్న బటన్ నొక్కలేని బిడ్డ కూడా నొక్కి బొమ్మను ఆడించేందుకు. తీగ చివర 3.5 మిల్లీమీటర్ల మోనో పిన్ను, ఇయర్‌ఫోన్ పిన్ను లాంటిది. బొమ్మకారులో బ్యాటరీకి, దాని పట్టీకి నడుమ ఈ బిళ్ల దూర్చాలి: మధ్యలో ప్లాస్టిక్, రెండు పక్కలా రాగిరేకు, ఒక్కో రేకుకు ఒక్కో తీగ, ఆ తీగల చివరి సాకెట్‌లో మీట పిన్ను పెట్టాలి. రేకులు ఒకదానికొకటి తగిలినాయా, మీట ముట్టకుండానే కారు తిరుగుతుంది. కారు స్విచ్ ఆన్‌లోనే ఉంచండి. అది మరిచిపోయి మీట చెడిపోయిందంటారు. బటన్ నొక్కితే పాడే బొమ్మలకు ఈ బిళ్ల పనికిరాదు. గోడలోని 230 వోల్టులకు మాత్రం కలపనే వద్దు.

మీట చేతి దగ్గరే ఉండాలని లేదు. తల తిప్పగలిగే బిడ్డకు చెంప పక్కన పెట్టండి. అంతకంటే ముందు కూర్చోబెట్టడం: పాదాలు ఆనాలి, నడుము జారకూడదు. జారే బిడ్డకు ఉన్న బలమంతా పడిపోకుండా ఉండేందుకే చాలదు, ఇంక మీటేం నొక్కుతుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను లెక్కపెట్టింది, మంచిదే. శిబిరాల్లో పరికరాలూ ఇస్తారు. అవి యాడున్నాయి? బీరువాలో! పాడైపోతాయని దాచినాం. తీసిన రోజైనా ఏం చేస్తాం? బిడ్డ చెయ్యి పట్టుకొని మనమే నొక్కి, చప్పట్లు కొడతాం. ఎవరు నొక్కినారమ్మా? ఎవరో చెయ్యి పడితే కారు కదులుతుందని నేర్చుకుంటుంది బిడ్డ, అంతే.

బిడ్డకు “నొక్కు” అని ఒక్కసారి చెప్పండి. మనసులో 10 లెక్కపెట్టండి. కొందరికి 30 కూడా పడుతుంది. నడుమ “నొక్కు, నొక్కు” అనొద్దు. అన్నప్పుడల్లా బిడ్డ మొదటికొస్తుంది. కదలకపోతే మోచేతి కింద వేలు ఆనించండి, రేపు ఆ వేలూ తగ్గించండి. టైమరుంటే ఒక నొక్కుకు 5 సెకన్లే తిరిగేట్టు పెట్టండి. ఆగకుండా తిరిగితే మళ్లీ నొక్కే పనేముంది?

అవ్వా, మీకోమాట. ఊరిబిండికి చెనిక్కాయలు నూరే మిక్సీని కూడా బిడ్డ మీటతో తిప్పొచ్చు. దానికి రిలే అనే స్విచ్ ఉన్న వేరే పెట్టె కావాలి, మీట వైపు గోడ కరెంటు రాకుండా తయారుచేసింది. ఇంట్లో తీగలు కలపొద్దు.

బీరువాలోంచి తెచ్చినవాళ్లు ఆ టేబుల్ దగ్గరికి రండి. సిగ్గేం లేదు. బ్యాటరీ కారి పట్టీలు తుప్పు పట్టుంటాయి, ఉప్పుకాగితం ఉంది, రుద్దుదాం.